ఆడబిడ్డ అడిగిన గది

మా ఆడబిడ్డ చనిపోయిందని బోధన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఏడవలేదు. దినాలు కూడా అయిపోయాయి, ఇప్పటికీ ఏడవలేదు. ఈ సంగతి నేనే ముందుగా చెప్పడం మంచిది. శవం దగ్గర నా కళ్ళు పొడిగా ఉన్నాయని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నవాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు. అందులో ఒకామె కూతురి పెళ్ళికి నేను అందరికంటే ముందు పోయి వంటల దగ్గర నిలబడ్డాను. ఆమె కూడా అన్నది.

కోపం వల్ల ఏడుపు రాలేదని వాళ్ళు అనుకుంటారు. కోపమైతే కనీసం ఉన్నట్టు తెలిసేది. చేయి మీద తల పెట్టుకుని చాలాసేపు పడుకుంటే ఆ చేయి మనది కానట్టు అయిపోతుంది చూడండి, అలా ఉంది.

ఆమె మా ఆయనకు పెద్దక్క, నాకు వదిన. నేను ఆ ఇంటి కోడలిగా వచ్చిన రోజు నుంచి నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. మా పుట్టినూరు మాక్లూర్ కాబట్టి "మాక్లూర్‌దానా" అనేది. నలుగురిలో అదే, ఫోన్‌లో అదే, నేను జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు కూడా అదే. "మాక్లూర్‌దానా, ఎట్లున్నవే? సెలైన్ అయిపోవట్టింది, నర్సును పిలువు." ఆమె నా పేరు పలకలేదు కాబట్టి ఆమె పేరు నేనిక్కడ రాయడం లేదు.

పొట్టి మనిషి. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే ఆగిపోయేది. ఎడమ చేయి నడుం మీద పెట్టుకుని, ఒక కన్ను మూసి, ఇంకో కంటితో గోడలన్నీ చూసేది. చూసి ఒకటే మాట అనేది. "తియ్యి."

"గా క్యాలెండర్ తియ్యి. గా పూలకుండ తియ్యి. ఇంకొకటి తియ్యి."

ఇంటివాళ్ళు నవ్వుతూ తీసేవాళ్ళు. ఆమె బస్సెక్కాక మళ్ళీ పెట్టేవాళ్ళు. మేము కిరాయి ఇంట్లో ఉన్న రోజుల్లో టీవీ మీద కప్పడానికి నేను దారంతో ఒక గుడ్డ అల్లాను. ఆమె దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "గిది టీవీనా, పెండ్లికూతురా? ముసుగెందుకే?" అన్నది. అప్పుడు మా ఇంట్లో పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు. మోస్రాలో ఒక పెళ్ళికి పోతే కుర్చీల వెనక కట్టిన రంగు గుడ్డల ముడులు చూసి, "కుర్చీకి జడలేందిరా?" అని తను కూర్చున్న వరుస మొత్తం విప్పించింది. షామియానావాడు లబోదిబోమంటే "కూసున్నోళ్ళ నడుం గుచ్చుతుంది, నీకు గుచ్చుతుందా?" అని వాణ్ణే కసిరింది.

కూర్చునే ముందు కుర్చీని కొంగుతో తుడవడం ఆమె ఇంకో అలవాటు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో పొగగొట్టం నుంచి నల్లటి నుసి రాలేది. ఆరేసిన బట్టల మీద, పిల్లల తలల మీద, విస్తట్లో అన్నం మీద. ఫ్యాక్టరీ మూతపడి ఆకాశం తేటపడ్డాక కూడా ఆమె చేయి తుడవడం మానలేదు. మా ఇంట్లో, పొద్దున్నే నేను తుడిచిన కుర్చీని, నేను చూస్తుండగానే తుడిచేది.

ఆమె భర్త ఆ ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్‌లో నౌకరు. బంగ్లా వెనక పనివాళ్ళకు కట్టిన రెండు గదుల్లో ఒకటి వీళ్ళది, ఒకటి వంటాయనది. గెస్ట్ హౌస్ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతకడం మా వదిన పని. మా చుట్టాలందరిలోకీ ఆ బంగ్లా లోపలికి పోగలిగింది వాళ్ళిద్దరే. మా ఆయన చిన్నప్పుడు సెలవులకు అక్క దగ్గరికి పోయి, బంగ్లా మెట్ల దాకా నడిచి, వాచ్‌మన్ కసిరితే వెనక్కి పరుగెత్తేవాడట. అందుకని గెస్ట్ హౌస్ గురించి ఆమె ఏది చెబితే అది నిజం. పప్పులో ఉప్పు నుంచి పరుపు మీద మడత దాకా ఆమె తీర్పు ఒకటే. "గెస్ట్ హౌస్‌ల గిట్ల ఉండకపోవు." కాదనడానికి మా ఇంట్లో సాక్షి లేడు.

పెళ్ళయిన కొత్తలో మొదటిసారి బోధన్ పోయినప్పుడు, పూసలతో రెండు చిలుకలు కుట్టి, అద్దం కట్టించి తీసుకుపోయాను. కళ్ళు నొప్పి పుట్టేదాకా కుట్టినవి. బయట చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి, ఊరంతా మడ్డి వాసన. ఆమె చిలుకలను చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి చూసి, "మంచిగ కుట్టినవ్" అని మంచం కింద పెట్టెలో పెట్టేసింది. ఆ గదిలో ఖాళీ మేకు ఒకటి గోడకు ఉంది. తర్వాత ఎన్నిసార్లు పోయినా ఆ మేకు ఖాళీగానే ఉంది.

ఇక గది సంగతి.

మా ఆయనకు పసుపు అమ్మే మార్కెట్ యార్డు దగ్గర గోనెసంచుల దుకాణం. ఏళ్ళకేళ్ళు కిరాయి ఇళ్ళలో ఉన్నాం. ఎక్కడ ఉన్నా బాత్రూమ్ పెరట్లో, ఇంటివాళ్ళకూ మాకూ కలిపి ఒకటే. చుట్టాలు వస్తే వంటింట్లోంచి, ఇంటావిడ మంచం పక్కనుంచి దారి చూపించి తీసుకుపోవాలి. ఒకసారి మా అమ్మ లోపల ఉండగానే ఇంటావిడ బయట నిలబడి, "మీ చుట్టాలు నీళ్ళు మస్తు వాడుతున్నరమ్మా" అన్నది. మా అమ్మ విన్నది. తర్వాత మా ఇంటికి వస్తే పొద్దుగూకకముందే వెళ్ళిపోయేది.

అందుకే, నిజామాబాద్ చివర చిన్న స్థలంలో సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు నేను ఒక్కటే అడిగాను. మెట్ల కింద, హాలు పక్కన, వచ్చినవాళ్ళ కోసం చిన్న బాత్రూమ్. లోపల ఒక కమోడ్, ఒక బేసిన్, అంతే. అది ఎలా ఉండాలో కూడా నాకు తెలుసు. దుకాణంలో చూసి పెట్టుకున్నాను. నీలం రంగు టైల్స్, వాటి మీద నీళ్ళలో ఈదే చేపలు, బంగారు రంగు నల్లా, చుట్టూ బల్బులు వెలిగే అద్దం. ఇంట్లో మిగతాదంతా మా ఆయన ఇష్టం, మేస్త్రి ఇష్టం. ఆ గది మాత్రం నాది.

మా వైపు కొత్త ఇంటికి దర్వాజా నిలబెట్టే రోజున ఆడబిడ్డ రావాలి. గడపకు ఆమె పసుపు రాసి బొట్లు పెడుతుంది. పెట్టి, గడప మీద చేయి ఆనించి నిలబడుతుంది. తమ్ముడు ఆమె అడిగింది ఇస్తానని మాట ఇచ్చేదాకా మేస్త్రులు దర్వాజా ఎత్తకూడదు. అడిగేది ఏమిటో అందరికీ ముందే తెలుసు, ఒక పట్టుచీర. నేను చీర కొని, పళ్ళెంలో పెట్టుకుని వెనకాల నిలబడ్డాను.

"అడుగు అక్కా, ఏం గావాలె?" అన్నాడు మా ఆయన.

"ఏది అడిగినా ఇస్తవా తమ్మీ?"

"ముందు అడుగు. మేస్త్రి ఎండల మాడుతుండు."

ఆమె మెట్లు రావలసిన చోట ఇటుకలతో గుర్తు పెట్టిన జాగాను చూపించింది.

"గా మెట్ల కింది గది నాకియ్యి."

"గదా? అండ్లేం జేస్తవ్? పంటవా?"

"పండనీకి గాదు. అది నేను చెప్పినట్టు చెయ్యాలె. రంగు నేను చెప్పాలె, అద్దం నేను చెప్పాలె, నేల నేను చెప్పాలె. నడుమల ఎవ్వలు మాట్లాడొద్దు."

"వదినె, చీర తెచ్చిన..." అన్నాను నేను.

"చీరెలు మస్తున్నయి మాక్లూర్‌దానా. నువ్వే కట్టుకో."

అందరూ నవ్వారు. మా ఆయన నా వైపు ఒకసారి, మేస్త్రి వైపు ఒకసారి చూసి, "సరే అక్కా, ఇచ్చిన" అన్నాడు. ఆమె చేయి తీసింది. దర్వాజా లేచింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఈ సంగతి ఎప్పుడు ఎత్తినా మా ఆయన "అప్పటి టైం అట్లుండె" అంటాడు. టైం అలా లేదు. పళ్ళెం పట్టుకుని నేను అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత ఆమె వారానికోసారి బోధన్ బస్సులో దిగేది. నేను ప్రతిదానికీ అడ్డం పడ్డాను. ప్రతిదానిలోనూ ఓడిపోయాను.

మొదట రంగు. టైల్స్ నడుం ఎత్తు దాకా, చిన్న చిన్న చదరాలు, ఏ బొమ్మా లేకుండా, ముదురు పసుపు. పసుపుకొమ్మును విరిస్తే లోపల కనబడే రంగు. పైన అంతా తెలుపు.

"పొద్దంత యార్డ్‌ల పసుపే అక్కా. ఇంటికొస్తే గూడ పసుపేనా?" అన్నాడు మా ఆయన.

"గెస్ట్ హౌస్‌ల గదే ఉండె."

నేను చేపల టైల్ సాంపిల్ తెచ్చి చూపించాను. దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "చేతులు కడుక్కునేకాడ సేపలెందుకే? కూర వండుతవా?"

తర్వాత అద్దం. చట్రం లేని గుండ్రటి అద్దం కావాలన్నది.

"ముఖం గుండ్రంగ ఉంటది, అద్దం నలుపలకలుగ ఎందుకు?"

"నా ముఖం పొడుగే వదినె."

"అయితే సగం సగం చూసుకో."

బేసిన్ లేత ఆకుపచ్చది కావాలి. కొత్త దుకాణాల్లో దొరకలేదు. పాత ఇళ్ళు విప్పిన సామాను అమ్మేవాడి దగ్గర, బూజు పట్టి, బోర్లించి ఉన్నదాన్ని పట్టుకొచ్చింది. కొత్త ఇంటికి ఎవరో వాడిన బేసిన్. దాని అడుగున సన్నటి చీలిక ఉంది. అది ఇప్పటికీ కారుతుంది. కింద మగ్గు పెట్టేది నేను, పారబోసేది నేను.

నేల మొజాయిక్. ఇప్పుడెవరూ వేయరు, వేసేవాళ్ళు దొరకరు. ఆమె బోధన్‌లో ఒక ముసలి పనివాణ్ణి వెతికి తెచ్చింది. తెలుపు, నలుపు, పసుపు రాళ్ళ ముక్కలు సిమెంటులో కలిపి పోసి, ఆరాక మిషన్‌తో అరగదీయాలి. మంచమంత నేలకు ఆ మిషన్ చేసిన చప్పుడు వీధి చివరి దాకా వినబడింది. ఆ బూడిదరంగు నీళ్ళు హాలు దాటి నా కొత్త వంటింట్లోకి వచ్చాయి. వంటింటి గడప దగ్గర ఆ మరక ఇంకా ఉంది. ఎవరికైనా చూపిస్తాను.

చివరికి ఒక స్టూలు. టేకుది, కాళ్ళు పైన లావుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, బయటికి వాలి ఉండాలి. స్టూలు చేసే వడ్లాయనకు ఎంతకీ అర్థం కాలేదు. "కాళ్ళు గట్ల వాలితే ఇరిగిన స్టూల్ అంటరమ్మా, నాకు చెడ్డపేరు" అన్నాడు. ఆమె నడివీధిలో చీర కొంచెం పైకి పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది.

"పుట్టంగనే లేగదూడ ఎట్ల నిలవడ్తది? గిట్ల. సమజైందా?"

"సమజైంది గని, నువ్వు జల్ది మామూలుగ నిలవడమ్మా, ట్రాక్టర్ వస్తుంది."

గృహప్రవేశం నాటికి గది తయారైంది. పైన తెల్లటి గాజు బంతిలో బల్బు. గోడ మీద గుండ్రటి అద్దం. దాని కింద ఆకుపచ్చ బేసిన్. పక్కన దూడ కాళ్ళ స్టూలు. మెట్లు కిందికి వాలే మూలన, సగం గోడ చాటున కమోడ్. ఇంకేమీ లేదు. నేను కనీసం ఒక మూలకు ప్లాస్టిక్ గులాబీ పెట్టాను. ఆమె దాన్ని తీసుకొచ్చి, భోజనాల బంతిలో కూర్చున్న చుట్టాల ముందు నా చేతిలో పెట్టి, "నీ జడల పెట్టుకో" అన్నది.

ఆ రోజే చెప్పాను మా ఆయనకు. ఈ గదిని ఒకనాటికి పగలగొట్టిస్తాను, నీలం టైల్స్ వేయిస్తాను, ఆమె ఉన్నన్నాళ్ళే ఇది ఉంటుంది అని. ఆ మాట మీదే ఇన్నాళ్ళూ ఉన్నాను.

ఆ గదిని చూసి చుట్టాలు "ఇంకా పని ఉన్నదా లోపల?" అని అడిగేవాళ్ళు. మెచ్చుకున్నది మా అమ్మాయి ఒక్కతే. అది హైదరాబాద్‌లో ఫర్నిచర్ షోరూమ్‌లో పనిచేస్తుంది. సెలవుకు వచ్చి, తలుపు తీసి, ఫోన్‌లో ఫొటోలు తీసింది.

"అమ్మా, ఇది మిడ్ సెంచరీ మోడరన్. మా షోరూమ్‌కు వచ్చేటోళ్ళు గిట్ల గావాలని చచ్చిపోతరు. అత్తా, నీకెట్ల తెలుసు ఇది?"

"ఏం మోడరన్?" అన్నది మా వదిన.

"పోయిన శతాబ్దం నడుమల వచ్చిన ఫ్యాషన్ అత్తా."

"నేను గూడ గప్పుడే వచ్చిన. నన్నెవ్వలు ఫొటో తీయకపోయిరి."

మా అమ్మాయి పడీ పడీ నవ్వి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి ఫొటో తీసింది. నన్ను తీయలేదు. నేను చాయ్ పెడుతున్నాను.

ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు ఆ గదిలోకి పోయేది. తలుపు వేసుకుని స్టూలు మీద కూర్చునేది. నీళ్ళ చప్పుడు ఉండదు, ఏ చప్పుడూ ఉండదు. బయట ఎవరైనా వచ్చినవాళ్ళు నిలబడి ఉంటే నేనే తలుపు కొట్టాలి. "వదినె, లోపల నిద్రవోయినవా?" అంటే "ఆగే, కూసున్న" అనేది. బయటికొచ్చి ఎవరినీ చూడకుండా, తడవని చేతులు కొంగుకు తుడుచుకునేది.

ఒకసారి ఫోన్ చేయకుండా, వానలో, పొద్దున్నే వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా ఆ గదిలోకి పోయింది. నేను చాయ్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. చాయ్ మీద మీగడ కట్టింది.

"వదినె, ఏమైంది?"

"ఏం గాలే."

"పానం మంచిగలేదా?"

"మంచిగనే ఉన్న."

"మరి గంతసేపు ఏం జేస్తున్నవ్?"

"కూసున్న అంటున్న గదనే, మాక్లూర్‌దానా. కూసునుడు గూడ నీకు చెప్పి కూసోవాల్నా?"

చాలాసేపటికి బయటికి వచ్చి, చల్లారిన చాయ్ నిలబడే తాగి, తర్వాతి బస్సుకు వెళ్ళిపోయింది. గెస్ట్ హౌస్ వెనక ఉన్న తన గదిని ఆ రోజే ఖాళీ చేసిందని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. పెళ్ళయిన నాటి నుంచి ఉన్న గది. భర్త పోయింది కూడా అందులోనే. సామాను కొడుకు ఆటోలో వేసుకుని తన ఇంటికి తీసుకుపోతే, ఈమె ఆ ఆటో ఎక్కకుండా మా ఇంటికి వచ్చింది. మా ఆయనకు ఫోన్‌లో చెప్పింది, నాకు చెప్పలేదు. తలుపుకు ఈవైపు చాయ్ పట్టుకుని నిలబడ్డదాన్ని నేను.

కొడుకు ఇంట్లో ఆమె మంచం హాల్లో టీవీ పక్కన వేశారు. కోడలు గోడల నిండా స్టిక్కర్లు అంటించింది. పూలు, సీతాకోకచిలుకలు, ఒక పెద్ద జింక. ఆమె మంచం మీద పడుకుని ఒక కన్ను మూసి చూసేది. అక్కడ మాత్రం "తియ్యి" అనలేదు. నేను విననే లేదు.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. జబ్బు లేదు, ఆసుపత్రి లేదు.

దినాల రోజు బోధన్ వెళ్ళాం. షామియానా కింద ఒక మూలన వంటాయన భార్య కూర్చుని ఉంది. గెస్ట్ హౌస్ వెనక పక్కగదిలో మా వదినతో పాటు బతుకంతా గడిపిన మనిషి. ఇప్పుడు బాగా ముసలిది, కానీ మాట గట్టిగా ఉంది. పోయి పక్కన కూర్చున్నాను. బంగ్లా లోపల చూసినవాళ్ళలో మిగిలింది ఈమె ఒక్కతే. అడగాలని చాలా ఏళ్ళుగా ఉంది.

"అవ్వా, గెస్ట్ హౌస్‌ల చేతులు కడుక్కునే గది ఉండె గద. పసుపు టైల్స్‌దేనా?"

"పసుపా? ఎవలు చెప్పిండ్రు?"

"మా వదినె."

"టైల్స్ ఎక్కడియి బిడ్డా? సున్నం. పండుగకోపారి తెల్ల సున్నమేస్తుండె."

"ఆకుపచ్చ బేసిన్?"

"తెల్లది. అంచు పలిగి ఉండె."

"గుండ్రటి అద్దం?"

"అద్దమే లేకుండె. సాబులు గడ్డం గీసుకుంటే మా ముసలాయన చేతుల అద్దం వట్టుకొని నిలవడుతుండె." అవ్వ నాకేసి తిరిగి నవ్వింది. "అర్థమైంది. నువ్వడిగేది బొమ్మల పుస్తకాల ముచ్చట."

"ఏం పుస్తకాలు?"

"మిషిన్లు బిగియ్యనీకి దొరలు వస్తుండె గద, తెల్లోళ్ళు. పోయేటప్పుడు బొమ్మల పుస్తకాలు ఇడిసిపెట్టి పోతుండె. అండ్ల అన్నీ ఇండ్లే, కుర్సీలే, స్నానాల గదులే. మీ వదినె దుప్పట్లు నానవెట్టి గవే తిప్పుతుండె. 'నాకంటూ ఒక్క గది ఉంటే గిట్ల జేసుకుంట. పసుపు గోడ, గుండ్రటి అద్దం, చిన్న స్టూల్' అని. పొద్దుగాల లేస్తే గదే. నా చెవులు తిన్నదంటే నమ్ము."

"మరి గెస్ట్ హౌస్‌ల గట్లనే ఉండె అని మాకెందుకు చెప్పింది?"

"నా ఇష్టం అంటే ఎవలన్న ఇంటుంటిరా బిడ్డా?"

భోజనాలకు పిలిచారు. లేచి పోయి కూర్చున్నాను. పప్పు వేశారు, కూర వేశారు. మా ఆయన ఎదురు వరుసలో కూర్చుని తింటున్నాడు. ఆయనకు చెప్పలేదు. ఇంటికొచ్చాక చెప్పాను. "బంగ్లా లోపటికి పోయి చూడకపోతిని" అన్నాడు.

నేను దీన్ని కూడా ఆమె నాకు చేసినవాటిలోనే కలుపుకున్నాను. రంగు దగ్గర నేను ఓడిపోయింది గెస్ట్ హౌస్ చేతిలో. అద్దం దగ్గర ఓడిపోయింది గెస్ట్ హౌస్ చేతిలో. అలాంటి గెస్ట్ హౌస్ అసలు లేదు. ఇది నా గది అని నేను అన్నప్పుడు, నాకూ ఒకటి కావాలని ఉందే అని ఆమె అని ఉండవచ్చు. మనుషులు చెప్పుకుంటారు. ఒక్కసారి కూడా చెప్పి చూడలేదు. చెబితే నేను వినేదాన్నో కాదో నాకే తెలియకుండా చేసి పోయింది.

మొన్న మా ఆయనే అన్నాడు, "అక్క లేదు గద ఇంక. ఆ గది నీకు నచ్చినట్టు చేసుకో." దెప్పినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. మేస్త్రితో మాట్లాడాను. గోడలు రెండు పూటల పని అన్నాడు, మొజాయిక్ పగలగొట్టడమే కష్టమట. టైల్స్ ముందే తెచ్చి పెట్టుకోమన్నాడు.

మా ఆయన నన్ను స్కూటర్ మీద తీసుకుపోయి, బోధన్ రోడ్డులో ఉన్న పెద్ద టైల్స్ దుకాణం ముందు దించి, నీడకు పోయి నిలబడ్డాడు. దుకాణం చల్లగా ఉంది. టైల్స్ చూపించే అతను మర్యాదగా మాట్లాడాడు. గది ఎంతుంటుందో అడిగాడు, చెప్పాను. ఏ రంగు ఇష్టం అని అడిగాడు. నీలం అన్నాను. చేపలవి ఇప్పుడు రావడం లేదట, సముద్రం బొమ్మవి వస్తున్నాయట. తీసి నేల మీద వరుసగా పరిచాడు. అలలు, నురుగు, అడుగున ముత్యాల చిప్పలు. నేను అనుకున్నదాని కంటే బాగున్నాయి.

"చీకట్ల గూడ మెరుస్తయి అమ్మా. ఇండ్ల బంగారు బార్డర్ గూడ ఉన్నది. చూపియ్యాల్నా?"

"చూపియ్యి."

బార్డర్ కూడా పెట్టాడు. చూస్తూ నిలబడ్డాను. బాగుంది అని చెప్పాలి, ఎన్ని పెట్టెలు కావాలో చెప్పాలి. అతను కాగితం, పెన్ను తీసుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏమంటరమ్మా? రాసుకోవాల్నా?"

"వద్దు. మా వదినె ఒప్పుకోదు," అన్నాను.

అతనికి ఇది రోజూ వినే మాటే అయి ఉంటుంది. నవ్వాడు. "అయితే ఆమెను గూడ తోల్కరాండ్రి అమ్మా. కండ్లార చూస్తే ఒప్పుకుంటది. రేపు గూడ దుకాణం తెరిచే ఉంటది."

"ఆమెది బోధన్," అన్నాను. "బస్సు దొరకాలె గద."